బిల్లు మాయమై అప్పు మిగులుతుంది

రాయ్‌పూర్‌లో పండ్రి దాటి బలోదాబజార్ రోడ్డు పట్టుకుంటే మోవా వస్తుంది. అదే రోడ్డు సడ్డూ మీదుగా పాత శాసనసభ భవనానికి చేరుతుంది. ఛత్తీస్‌గఢ్ శాసనసభ్యులు దాదాపు పాతికేళ్ళు చట్టాలు చేయడానికి ఈ దారినే వెళ్ళారు. దారికి ఇరువైపులా పెరిగిన ఆసుపత్రులు, రక్తపరీక్షా కేంద్రాలు, మందుల దుకాణాలు వాళ్ళ కార్ల అద్దాల్లోంచి రోజూ కనిపించాయి. 2025 నవంబరు 1న ప్రధాని కొత్త భవనాన్ని ప్రారంభించడంతో శాసనసభ నవ రాయ్‌పూర్‌కు తరలిపోయింది. ఆసుపత్రుల బిల్లింగు కౌంటర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి దగ్గర ఒక సామాన్య కుటుంబానికి జరిగే అన్యాయానికి పాత భవనంలోనూ పేరు పెట్టలేదు. కొత్త భవనంలోనూ, ఢిల్లీలోని పార్లమెంటులోనూ ఇంకా పెట్టలేదు.

అన్యాయం ఇది: బీమా ఉన్న రోగి క్లెయిమును సంస్థ తిరస్కరించిన క్షణంలో, వివాదంలో ఉన్న బిల్లు వివాదం లేని అప్పుగా మారిపోతుంది. ఆ తరువాత బిల్లు తప్పా ఒప్పా, తిరస్కరణ న్యాయమా కాదా అని ఎవరూ అడగరు. వాయిదా ఎప్పుడు కడతారని మాత్రమే అడుగుతారు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఐదు లక్షల రూపాయల పాలసీ ఉన్న కుటుంబం. గుండెనొప్పితో ఇంటిపెద్ద ఆసుపత్రిలో చేరాడు. మొదట ఎనభై వేలకు నగదు రహిత అనుమతి వచ్చింది. చికిత్స అయింది, బిల్లు 3,60,000 తేలింది. డిశ్చార్జి రోజు సాయంత్రం బీమా సంస్థ నుంచి సందేశం: పాత రక్తపోటు సంగతి దరఖాస్తులో దాచారు కనుక క్లెయిము తిరస్కరించాం, ఇచ్చిన అనుమతి కూడా ఉపసంహరించుకున్నాం. ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటే ఇదే. అప్పటికి రోగి మంచం దిగి బట్టలు మార్చుకుని కూర్చున్నాడు. ఆ గదికి మరో రోగి ఎదురుచూస్తున్నాడు. కౌంటరు ఉద్యోగికి వాదించే అధికారం లేదు, వసూలు చేసే బాధ్యత ఉంది. ఆ పక్కనే వాయిదాల మీద వైద్య రుణం ఇప్పించే కంపెనీ ప్రతినిధి ఫోను పట్టుకుని సిద్ధంగా ఉంటాడు. ఆధార్, పాన్, ఒక ఓటీపీ. పావుగంటలో డబ్బు ఆసుపత్రి ఖాతాలో పడుతుంది. రోగి ఇంటికి వెళతాడు.

ఇప్పుడు ముగ్గురి కాగితాలు చూడండి. ఆసుపత్రి లెక్కలో బిల్లు పూర్తిగా చెల్లింది, దానికి ఎవరితోనూ తగువు లేదు. బీమా సంస్థ లెక్కలో ఇది ముగిసిన ఫైలు. రుణదాత లెక్కలో ఇది వినియోగదారుడు స్వయంగా కోరి, సమ్మతి తెలిపి తీసుకున్న అప్పు. 18 శాతం వడ్డీతో రెండేళ్ళ వాయిదాలైతే నెలకు సుమారు 18,000 రూపాయలు. గడువు ముగిసేసరికి వడ్డీయే 71,000 దాటుతుంది. మూడు సంస్థల పుస్తకాలూ శుభ్రంగా ఉన్నాయి. జబ్బు నుంచి లేచినవాడి ఇంటి లెక్క ఒక్కటే తలకిందులైంది. రెండు వాయిదాలు తప్పగానే ఫోన్లు మొదలవుతాయి. ఫోను చేసేవాడికి గుండె శస్త్రచికిత్స గురించి తెలియదు, తెలియనవసరమూ లేదు. అతని తెర మీద ఉన్నది ఒక రుణఖాతా సంఖ్య.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళిన తల్లిదండ్రులకు అక్కడ జబ్బు చేసిన తెలుగు కుటుంబాలకు ఈ కథ మరో రూపంలో తెలుసు. అక్కడ బీమా తిరస్కరించిన బిల్లు నెలల తరువాత వసూలు ఏజెన్సీ చేతికి వెళుతుంది. ఆ వ్యవస్థ క్రూరమైనదే. కానీ అక్కడ వసూలుకు వచ్చేది వైద్య బిల్లు అన్న పేరుతోనే వస్తుంది. 1977 నాటి రుణ వసూలు చట్టం ప్రకారం ఏజెన్సీ నోటీసు అందిన 30 రోజుల్లో బాకీదారుడు లిఖితపూర్వకంగా అభ్యంతరం చెబితే, ఆ బాకీకి ఆధారం చూపేదాకా వసూలు ఆపాలి. చెల్లించేసిన వైద్య బాకీలను 2022లో, 500 డాలర్ల లోపు వాటిని 2023లో అక్కడి మూడు ప్రధాన క్రెడిట్ సంస్థలు నివేదికల నుంచి తొలగించాయి. దాదాపు కోటిన్నర మంది నివేదికల నుంచి 4,900 కోట్ల డాలర్ల వైద్య బాకీలను తుడిచేసే నిబంధనను 2025 జనవరిలో వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ తెచ్చింది. అదే ఏడాది జులైలో టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. పోరు ఓడింది. అయినా దేని మీద పోరాడుతున్నారో అక్కడి రాజకీయానికి తెలుసు. మన దగ్గర ఆ బాకీకి వైద్య బాకీ అన్న పేరే మిగలదు. వ్యక్తిగత రుణం, క్రెడిట్ కార్డు బకాయి, బంగారం తాకట్టు, వడ్డీ వ్యాపారి నోటు అన్న వేషాల్లో అది గణాంకాల నుంచి తప్పించుకుంటుంది. పేరు లేని కష్టం మీద ప్రశ్నోత్తరాల సమయంలో ప్రశ్న వేసేవాడెవరు?

తిరస్కరణలు అరుదైనవని ఎవరైనా అంటే బీమా నియంత్రణ సంస్థ సొంత లెక్కలే జవాబు చెబుతాయి. 2023-24లో సాధారణ, ఆరోగ్య బీమా సంస్థల ముందుకు వచ్చిన ఆరోగ్య క్లెయిముల మొత్తం విలువ సుమారు 1.17 లక్షల కోట్ల రూపాయలు. చెల్లించింది 83,493 కోట్లు, అంటే 71 శాతం పైచిలుకు. పాలసీ షరతుల పేరుతో అనుమతించనిది 15,100 కోట్లు. పూర్తిగా తిరస్కరించింది 10,937 కోట్లు. ఈ రెండు పద్దులూ కలిపితే 26,000 కోట్లు దాటుతుంది. ఇందులో న్యాయంగా తిరస్కరించాల్సినవీ ఉంటాయి. కానీ న్యాయమైనదైనా కాకపోయినా ఆ మొత్తంలో ఆసుపత్రికి చేరాల్సిన డబ్బును ఎవరో ఒకరు కట్టారు. ఆ ఎవరో ఒకరు ప్రీమియం కూడా కట్టినవాళ్ళే.

నిబంధనలు లేవా అంటే, ఉన్నాయి. చదివితే ముచ్చటేస్తుంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే బీమా నియంత్రణ సంస్థ 2024 మే 29న ఆరోగ్య బీమాపై సమగ్ర ఉత్తర్వు ఇచ్చింది. నగదు రహిత చికిత్సకు అభ్యర్థన అందిన గంటలో అనుమతి తేల్చాలి. డిశ్చార్జి అభ్యర్థనపై మూడు గంటల్లో తుది అనుమతి రావాలి. అంతకన్నా ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే ఆ సొమ్మును బీమా సంస్థ తన వాటాదారుల నిధి నుంచి భరించాలి. సమీక్షా కమిటీ ఆమోదం లేకుండా ఏ క్లెయిమునూ తిరస్కరించకూడదు. తిరస్కరిస్తే పాలసీలోని ఏ షరతు కింద అన్నది రాసి చెప్పాలి. పత్రాల కోసం రోగిని తిప్పకుండా ఆసుపత్రి నుంచే తెప్పించుకోవాలి. ఐదేళ్ళు వరుసగా పాలసీ కట్టినవారిపై, మోసం రుజువైతే తప్ప, విషయం దాచారన్న ఆరోపణ చెల్లదు.

ఇన్ని మంచి మాటల్లో ఒక్కటి లేదు. తిరస్కరణపై అప్పీలు నడుస్తుండగా డబ్బు ఎవరి జేబులోంచి పోవాలన్న ప్రశ్నకు ఈ ఉత్తర్వులో జవాబు లేదు. మౌనం వహించిన చోట భారం బలహీనుడి మీదే పడుతుంది.

న్యాయం దొరికే మార్గాలు లేకపోలేదు. మోవా నివాసి ముందుగా బీమా సంస్థ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఛత్తీస్‌గఢ్‌కు ఆ కార్యాలయం రాయ్‌పూర్‌లో లేదు, భోపాల్‌లో ఉంది. రాష్ట్రం విడిపోయి పాతికేళ్ళు దాటినా బీమా న్యాయం ఇంకా ఉమ్మడి మధ్యప్రదేశ్‌లోనే ఉంది. అయినా అది మంచి వేదిక. రుసుము లేదు, న్యాయవాది అక్కరలేదు, 50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉంది. అన్ని పత్రాలూ అందాక మూడు నెలల్లో తేల్చాలి. తీర్పును బీమా సంస్థ 30 రోజుల్లో అమలు చేయకపోతే రోజుకు 5,000 రూపాయలు ఫిర్యాదుదారుకు చెల్లించాలి. జిల్లా వినియోగదారుల కమిషన్ మరో మార్గం. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది.

కానీ ఈ దారులన్నిటికీ ఒక కాలం ఉంది, వాయిదాకు మరో కాలం ఉంది. ఒక కేసు చాలు. 2009లో ప్రయాణ బీమా తీసుకుని అమెరికా వెళ్ళిన ఒక భారతీయుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగగానే గుండెపోటుకు గురయ్యాడు. మూడు స్టెంట్లు వేశారు. కొన్ని ఆరోగ్య వివరాలు దాచాడంటూ ప్రభుత్వ రంగ బీమా సంస్థ క్లెయిమును తోసిపుచ్చింది. మధుమేహం సంగతి అతను ముందే చెప్పాడు, బీమా సంస్థ అది తెలిసే పాలసీ ఇచ్చింది. జాతీయ కమిషన్‌లో అతను ఓడిపోయాడు. వ్యక్తి ఆరోగ్య స్థితిని అంచనా వేసి పాలసీ ఇచ్చాక, అతను వెల్లడించిన జబ్బునే కారణంగా చూపి క్లెయిము తిరస్కరించకూడదని సుప్రీంకోర్టు చెప్పేసరికి తేదీ 2021 డిసెంబరు 6. పన్నెండేళ్ళు. తీర్పు గొప్పది, దేశమంతటికీ వర్తించేది. కానీ పన్నెండేళ్ళు వేచి ఉండే రుణ సంస్థ ఈ దేశంలో లేదు. పన్నెండు వారాలు ఆగేది కూడా లేదు.

ఇక వసూలు వైపు చూద్దాం. ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తరువాత ఫోన్లు చేయకూడదని, బెదిరింపులు, పరువు తీసే చేష్టలు కూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో బ్యాంకులకూ ఫైనాన్స్ కంపెనీలకూ స్పష్టం చేసింది. అది మర్యాదకు సంబంధించిన నియమం. అప్పు వెనుక ఉన్న వివాదాన్ని అది ముట్టుకోదు. క్రెడిట్ నివేదికలో తప్పు ఉందని ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో సరిచేయాలి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు ఇవ్వాలి. ఇది కూడా మంచి నియమమే. కానీ ఇక్కడ నివేదికలో తప్పేమీ లేదు. అప్పు తీసుకున్నది నిజం, వాయిదా తప్పింది నిజం. బీమా సంస్థ మాట తప్పిందన్న నిజానికి మాత్రం ఆ నివేదికలో గడి లేదు. క్రెడిట్ కార్డు మీద కట్టినవారి గతి మరీ ఘోరం. కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం దాటకూడదన్న జాతీయ వినియోగదారుల కమిషన్ 2008 నాటి ఉత్తర్వును 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు కొట్టేసింది.

చివరకు అంబుడ్స్‌మన్ దగ్గర గెలిచినా లెక్క సరిపోదు. ఆలస్యమైన క్లెయిముపై బీమా సంస్థ ఇవ్వాల్సిన వడ్డీ బ్యాంకు రేటుకు రెండు శాతం అదనం. రోగి కట్టే వడ్డీ దానికి రెండింతలూ మూడింతలూ. అంటే గెలిచినవాడు కూడా నష్టపోతాడు. తప్పు చేసిన సంస్థకు ఆలస్యమే లాభసాటి అవుతుంది.

బీమా సంస్థల వాదన వినకపోవడం న్యాయం కాదు. ఆసుపత్రులు బీమా కార్డు కనిపించగానే బిల్లు పెంచుతాయని, అనవసర చికిత్సలు చేస్తాయని, జల్లెడ పట్టకపోతే అందరి ప్రీమియం పెరుగుతుందని అవి అంటాయి. ఛత్తీస్‌గఢ్‌లో ఈ మాటను కాదనలేం. రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన సొమ్ము కోసం పేద స్త్రీల గర్భసంచులను అవసరం లేకున్నా తొలగించిన ఉదంతం 2012లో ఆ రాష్ట్రాన్నే కుదిపేసింది. కొందరు వైద్యుల లైసెన్సులు సస్పెండయ్యాయి. మోసం నిజం. అయితే ఆ మోసంలో బలైంది ఎవరు? కత్తి పడింది రోగి ఒంటిమీదే. నేడు మోసాన్ని అరికట్టే పేరుతో భారం వేస్తున్నదీ రోగి నెత్తిమీదే. ఆసుపత్రితో ఒప్పందం కుదుర్చుకున్నది బీమా సంస్థ. ధరలు మాట్లాడుకున్నది, నెట్‌వర్కులో చేర్చుకున్నది, తనిఖీ చేసే హక్కు ఉన్నది బీమా సంస్థ. బిల్లు ఎక్కువైతే అది తేల్చుకోవాల్సింది ఆ ఇద్దరూ. ఛాతీ నొప్పితో వచ్చినవాడు ఏ పరీక్ష అవసరమో ఏది కాదో డాక్టరుతో బేరమాడగలడా?

రుణదాత అడిగే ప్రశ్న కూడా ఉంది: బీమా తగువుతో నాకేం సంబంధం? సంబంధం ఉంది. ఆసుపత్రి ఆవరణలో, డిశ్చార్జి బల్ల పక్కన, వేరే గత్యంతరం లేని మనిషికి అమ్మిన అప్పు మామూలు వ్యక్తిగత రుణం కాదు. బ్రిటన్‌లో 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షన్ ప్రకారం, అప్పు మీద కొన్న వస్తువులో, సేవలో లోపముంటే అమ్మినవాడితో పాటు అప్పు ఇచ్చినవాడూ బాధ్యుడు. అమ్మకానికీ అప్పుకూ మధ్య గోడ కట్టి రెండు వైపులా లాభం పొందడం కుదరదని ఆ చట్టం యాభై ఏళ్ళ కిందటే చెప్పింది.

ఇక్కడే రాజకీయం మొదలవుతుంది. ప్రభుత్వమే ఆసుపత్రులకు బాకీ పడినప్పుడు ఏం జరుగుతుందో తెలుగువారికి చెప్పనక్కరలేదు. 2025లో తెలంగాణలో ఆరోగ్యశ్రీ బకాయిల కోసం, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ బకాయిల కోసం నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపేశాయి. మంత్రులు చర్చలకు పిలిచారు, కొంత విడుదల చేశారు, మిగతాదానికి గడువు అడిగారు. ఏ రికవరీ ఏజెంటూ సచివాలయానికి ఫోను చేయలేదు. ఏ ఆర్థిక కార్యదర్శి సిబిల్ స్కోరూ పడిపోలేదు. కోట్లలో బాకీ పడ్డవాడికి గడువు, చర్చ, గౌరవం దొరుకుతాయి. మూడున్నర లక్షలు బాకీ పడ్డవాడికి, అదీ తనది కాని తప్పుకు, గడువు ఇచ్చే నియమం లేదు.

ఢిల్లీ ఈ మధ్య బీమా కోసం చేసింది తక్కువేమీ కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై 18 శాతం జీఎస్టీ ఎత్తేసింది. మంచిదే. అదే ఏడాది డిసెంబరులో బీమా సంస్థల్లో విదేశీ పెట్టుబడి పరిమితిని 74 నుంచి 100 శాతానికి పెంచుతూ పార్లమెంటు చట్టం చేసింది. ప్రీమియం కట్టడం తేలిక చేశారు, ప్రీమియం వసూలు చేసే వ్యాపారంలోకి రావడం తేలిక చేశారు. కట్టిన ప్రీమియానికి ఫలితం రాబట్టుకోవడం ఎంత తేలిక అయిందన్నది పాలకపక్షం చెప్పలేదు, ప్రతిపక్షం గట్టిగా అడగలేదు. ప్రీమియం తగ్గింపు పోస్టరు మీద వేసుకోగలిగిన వార్త. తిరస్కరణ ఒక్కో ఇంట్లో ఒంటరిగా జరిగే సంఘటన. దానికి ఊరేగింపు ఉండదు, ఓటు బ్యాంకు ఉండదు.

చేయాల్సినవి నాలుగే, వీటికి ఖజానా నుంచి రూపాయి అక్కరలేదు. ఒకటి, నెట్‌వర్క్ ఆసుపత్రిలో ముందస్తు అనుమతి ఇచ్చాక డిశ్చార్జి వేళ క్లెయిము తిరస్కరిస్తే, వివాదం తేలేదాకా కనీసం ముందు అనుమతించిన మొత్తాన్ని బీమా సంస్థ ఆసుపత్రికి చెల్లించాలి. మోసం రుజువైతే ఆ తరువాత రాబట్టుకోవచ్చు, వసూలు చేసే శక్తి దానికి ఉంది. రెండు, ఆసుపత్రి ద్వారా ఇచ్చిన రుణానికి వైద్య రుణమన్న ప్రత్యేక గుర్తు ఉండాలి. అంబుడ్స్‌మన్ ముందు ఫిర్యాదు నమోదైన రోజు నుంచి అది తేలేదాకా ఆ రుణంపై వసూలు చర్యలు, క్రెడిట్ నివేదికలో ప్రతికూల నమోదు నిలిపివేయాలి. మూడు, తిరస్కరణ తప్పని తేలితే రోగి నిజంగా కట్టిన వడ్డీ మొత్తం బీమా సంస్థ వాటాదారుల నిధి నుంచే రావాలి. నాలుగు, రాయ్‌పూర్‌లో అంబుడ్స్‌మన్ కార్యాలయం కావాలి. మొదటి, మూడవ పనులు బీమా నియంత్రణ సంస్థ, రెండవది రిజర్వు బ్యాంకు ఒక్కో ఉత్తర్వుతో చేయగలవు. నాలుగోదానికి కేంద్ర ఆర్థిక శాఖ తలచుకుంటే చాలు.

అంతవరకు మోవా కౌంటరు దగ్గర నిలబడ్డవారు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. తిరస్కరణ నోటిమాటగా ఒప్పుకోకుండా, షరతు సంఖ్యతో సహా రాతపూర్వకంగా అడగాలి. ప్రతి వస్తువూ ప్రతి సేవా విడివిడిగా చూపిన బిల్లు తీసుకోవాలి. అది ఆసుపత్రి చేసే ఉపకారం కాదు, 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం చెప్పిన హక్కు. బిల్లు కట్టలేదని రోగిని ఆపే అధికారం ఆసుపత్రికి లేదని కూడా అదే పత్రం చెబుతోంది, హైకోర్టులూ చెప్పాయి. కట్టక తప్పకపోతే, అభ్యంతరంతో చెల్లిస్తున్నానని రాసి ఆసుపత్రికీ బీమా సంస్థకూ ఒక ప్రతి పంపాలి. అప్పు తీసుకుంటే, క్లెయిము వివాదంలో ఉందని రుణదాతకు మొదటి వాయిదాకు ముందే మెయిల్ చేయాలి. అది వసూలు ఆపకపోవచ్చు, కానీ రేపు కమిషన్ ముందు అదే సాక్ష్యం. బీమా సంస్థ తుది జవాబు ఇచ్చిన ఏడాదిలోగా అంబుడ్స్‌మన్‌ను చేరాలి, ఆ గడువు దాటితే తలుపు మూసుకుంటుంది.

ఇంత జాగ్రత్త ఒక రోగి కుటుంబం పడాల్సి రావడమే వ్యవస్థ మీద ఫిర్యాదు. ఐసీయూ బయట బల్ల మీద కూర్చున్న మనిషి షరతుల సంఖ్యలు వెతకాల్సిన అవసరం రాకూడదనే కదా, ఏళ్ళ తరబడి అతను ప్రీమియం కట్టింది.